నిమ్మకాయమ్మ పరీక్ష పెట్టని జాడీ

మా వదినని వాళ్ళ కార్ఖానాలో అందరూ నిమ్మకాయమ్మ అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. అదే మాట నేనంటే మాత్రం "నీకంటే పెద్దదాన్ని, గుర్తుందా?" అని కళ్ళెర్రజేస్తుంది. పెద్దదంటే ఎంతనుకున్నారు, ఏడు నెలలు. ఆ ఏడు నెలల పెద్దరికాన్ని ఇరవై ఆరేళ్ళుగా నా నెత్తిన రుద్దుతోంది.

ఆ పేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. వాళ్ళది మట్టిపాత్రల కార్ఖానా. జాడీలు, గిన్నెలు, కప్పులు, పూలకుండీలు చేస్తారు. పాత్ర మీద రంగు పూత వేసి బట్టీలో పెడితే ఆ పూత కరిగి గాజులా మెరుస్తుంది. మెరిసిందల్లా మంచిది కాదు. కొన్ని పూతలు పులుపు తగిలితే కొద్దికొద్దిగా ఊడి, లోపల పోసినదాంట్లో కలిసిపోతాయి. అందుకని బట్టీ దిగిన ప్రతి రకంలోంచీ ఒక పాత్ర తీసి, మా వదిన దాని లోపల కోసిన నిమ్మచెక్క బోర్లిస్తుంది. మర్నాడు పొద్దున్నే తీసి, తడిగుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూస్తుంది. మచ్చ పడిందా, ఆ రకం మొత్తానికీ అడుగున ఇంటూ మార్కు. ఇంటూ పడ్డవి పూలకీ గొడుగులకీ తప్ప తిండికి పనికిరావు. మచ్చ పడనివి కూడా ల్యాబుకి వెళ్ళొచ్చాకే అమ్మకానికి పోతాయి, ఎందుకంటే కంటికి కనపడని చెడు కూడా ఉంటుందట. కానీ మొదటి జల్లెడ మా వదినదే. మేస్త్రీ బతిమాలినా, యజమాని కసిరినా, ఇంటూ అంటే ఇంటూ. ఆ పరీక్ష మొదలుపెట్టిందే ఆవిడ.

మా అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు. వీధివైపు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు, మేడ మీద గది నాది. నేను బస్సు డిపోలో టికెట్ల కిటికీ వెనక కూర్చుంటాను. పొద్దస్తమానం జనంతో అరిచి అరిచి నా గొంతు ఇలా తయారైంది గానీ, పుట్టుకతో నేను చాలా నెమ్మదస్తురాలిని. ఈ మాట అన్నప్పుడల్లా అన్నయ్య నవ్వుతాడు. ఆయన నవ్వడమే గానీ పెద్దగా మాట్లాడడు. కంటికి భూతద్దం బిగించుకుని, చిన్న పట్టకారుతో నువ్వుగింజంత స్క్రూ పట్టుకుని, ఊపిరి కూడా ఆచితూచి వదులుతాడు. ఆ కుడిచేతి మీదే మా ఇల్లు నిలబడింది.

ఆయనకి ఉన్న ఒకే ఒక్క దురలవాటు సోడా. రంగు సోడా, గొంతులో చురచురలాడేది. రోజుకి మూడు సీసాలు. పోయినేడాది రక్తపరీక్షలో షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడిందని తేలింది. ఇక లోపలికి పిలవడమే తరువాయి. ఆ రోజు నించి వదిన ఇంట్లో సోడా బంద్ చేసింది. ఆయన ఎదురు చెప్పలేదు. చెప్పకుండా ఉండటమే ఆయన అలగడం. అన్నం తింటాడు, పని చేస్తాడు, ఏది అడిగినా "ఊఁ" అంటాడు. పదిరోజుల "ఊఁ" తర్వాత మా వదినకి పిచ్చెక్కింది.

అప్పుడు దొరికింది ఈ కొంబుచా. కార్ఖానాలో ప్యాకింగ్ చేసే ఆవిడ ఒక గాజు సీసాలో పట్టుకొచ్చి ఇచ్చింది. తీపి టీ కాచి, చల్లార్చి, అందులో మీగడలాంటి ఒక మందపాటి అట్ట వేసి, పైన గుడ్డ కట్టి పది రోజులు వదిలేస్తే పులుస్తుంది. కొంచెం పులుపు, కొంచెం తీపి, పైన చిరుబుడగలు. అన్నయ్య ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "చురచురమంటోంది," అన్నాడు. పదిరోజుల్లో అదే మొదటి మాట. వదిన మొహం చూడాలి అప్పుడు, లాటరీ తగిలినట్టు వెలిగిపోయింది.

ప్యాకింగ్ ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది, గాజు సీసాలోనే చెయ్యమని. చేతులు శుభ్రంగా కడుక్కోమని, పది రోజులకి మించి వదలొద్దని, బూజు కనపడితే అట్టతో సహా పారబొయ్యమని. మా వదిన అన్నీ పాటించింది. ఒకసారి అట్ట మీద పచ్చగా గుండ్రంగా ఒక మచ్చ కనపడితే, "పైపైన తీసేస్తే సరిపోదూ?" అని నేనన్నందుకు నన్ను నాలుగు దులిపి, మొత్తం మోరీలో పోసింది. ఇంకోసారి సీసాకి మూత మరీ గట్టిగా బిగించింది. మధ్యాహ్నం వంటింట్లో ఢామ్మని పేలి, మూత పైకప్పుకి తగిలి నా కాళ్ళ దగ్గర పడింది. ఆ రోజు నించి రోజూ మూత ఒకసారి వదులు చేసి గాలి తీసేది. అన్నీ పాటించింది, ఒక్క గాజు సీసా తప్ప. "ఆ సీసా ఎంతలే, మీ అన్నయ్యకి రెండు పూటలకి రాదు," అని జాడీలోకి మార్చింది.

ఆ జాడీ నారింజపండు రంగుది, మోకాలెత్తు ఉంటుంది. వదిన కార్ఖానాలో చేరిన మొదటి ఏడాది తన చేత్తో చేసినది. అప్పటి పాత మేస్త్రీ తన చేత్తో కలిపిన పూత, అలాంటి రంగు మళ్ళీ ఎవరికీ కుదర్లేదట. పెళ్ళై వచ్చినప్పుడు చంకన పెట్టుకుని తెచ్చింది. ఇన్నేళ్ళూ గుమ్మం పక్కన గొడుగులు పెట్టుకున్నాం అందులో. గొడుగులు తీసి, మరిగే నీళ్ళతో మూడుసార్లు కడిగి, టీ పోసింది.

నేను ఊరికే ఉండొచ్చు కదా. "వదినా, దీనికి నిమ్మచెక్క పెట్టావా?" అన్నాను, ఎగతాళికే.

"నా చేత్తో చేసిందానికి పరీక్షేమిటే? ఇది మనింటి జాడీ," అంది.

నేనూ నవ్వేశాను. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలకుండా ఉంటుందా? అంత చిన్న సామెత ఆ రోజు నా నోటికి రాలేదు. అక్కర్లేనివి మాత్రం నూటపాతిక వస్తాయి.

అన్నయ్య పొద్దున ఒక పెద్ద గ్లాసు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి తాగేవాడు. నేను వారానికి రెండు గ్లాసులు. వదిన తాగేది కాదు, పులుపు పడితే ఆవిడకి గుండెల్లో మంట. కానీ పంచడంలో మాత్రం చెయ్యి పెద్దది. వీధిలో నాలుగిళ్ళకి సీసాలు వెళ్ళేవి. ఎదురింటి దర్జీ కోడలికి రెండో నెల, ఆ పిల్లకి వాంతులు తగ్గుతాయని మూడు వారాలు పంపింది.

నాలుగు నెలలు గడిచాయి. అన్నయ్యకి కడుపునొప్పి మొదలైంది. మెలిపెట్టినట్టు వచ్చి పోయేది. విరేచనం సాఫీగా లేదన్నాడు. వీధి చివర డాక్టరు గ్యాసు అని మాత్రలిచ్చాడు. వదిన ఏం చేసిందో తెలుసా? "పులిసినది కడుపుకి మంచిది," అని ఇంకో గ్లాసు పెంచింది. రోజుకి నాలుగు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, ఆవిడ మీద కాదు, పక్కనే కూర్చుని "అవునవును" అన్న నా మీద.

తర్వాత మనిషి పాలిపోయాడు. ఒకరోజు కొట్టుకి వచ్చిన ఒకాయన "ఇంకా ఎన్నాళ్ళండీ?" అంటే, జీవితంలో గొంతెత్తని మా అన్నయ్య "తీసుకుపో నీ గడియారం!" అని అరిచాడు. లోపల వదిన చేతిలోంచి గరిటె జారింది.

నా గడియారం కూడా ఆయన బల్ల మీదే ఉంది. ముల్లు ఊడిందని ఇచ్చాను, పది నిమిషాల పని. పదకొండు రోజులైంది. అడిగితే "విడిభాగం రాలేదు," అన్నాడు. ముల్లు ఊడితే విడిభాగమేమిటి, నన్ను మరీ అంత వెర్రిదాన్ని అనుకున్నాడా? ఆదివారం పొద్దున చప్పుడు చెయ్యకుండా కొట్టులోకి వెళ్ళి వెనక నిలబడ్డాను. ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టుని పైకెత్తి పట్టుకుని, పట్టకారుతో నా గడియారం ముల్లు అందుకోబోతున్నాడు. ఎడమచెయ్యి వదలగానే కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి గానీ చెయ్యి పైకి లేవట్లేదు. పట్టకారు బల్ల మీద పడింది.

"ఎన్నాళ్ళనించి?" అన్నాను.

"మూడు వారాలు," అన్నాడు. "వదినకి చెప్పకు చెల్లాయ్. బెంగపెట్టుకుంటుంది."

చెప్పకుండా ఉండటం నా వల్ల అయ్యే పనా? అక్కణ్ణించే కేకేశాను.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరమ్మ ఉంది. చిన్న మనిషి, మాటలు సూటి. చెయ్యి చూసింది, కడుపునొప్పి గురించి అడిగింది, కనురెప్పలు దించి చూసింది. "రంగుల పని చేస్తారా? బ్యాటరీలా? ఇంట్లో పాత పెయింటు గీకారా?" అని అడిగి రక్తం తీయించింది. మూడోరోజు పిలిచి చెప్పింది, రక్తంలో సీసం, అదే లెడ్ అనే లోహం, ఉందని, ఉండకూడనంత ఉందని.

వదిన వెంటనే "నా బట్టల మీద దుమ్మొచ్చి ఉంటుంది. నాది పూతల కార్ఖానా," అంది. ఆవిడ రక్తమూ తీశారు, నాదీ తీశారు. వదినకి లేనట్టే లెక్క. నాకు కొంచెం ఉంది.

డాక్టరమ్మ కాగితాలు మూడూ పక్కపక్కన పెట్టుకుంది. "ఈయన బాగా తీసుకునేది, మీ ఆడపడుచు కొంచెం తీసుకునేది, మీరు అసలు ముట్టనిది ఏదో మీ ఇంట్లో ఉంది. ఏమిటది? పుల్లటిది ఏమన్నా?"

నేను నోరు తెరిచాను. వదిన నాకంటే ముందే కుర్చీలోంచి లేచింది. "జాడీ," అంది.

ఇంటికొచ్చి జాడీలో టీ అంతా పారబోసి, కడిగి, కిటికీ దగ్గరికి ఈడ్చుకొచ్చి లోపలికి చూసింది. నేనూ చూశాను. టీ నిలిచే గీత దాకా, సీసం కలిపిన ఆ పాత పూత సున్నం పట్టినట్టు వెలిసిపోయి ఉంది. ఆ గీత పైన మాత్రం ఎప్పట్లా నిగనిగలాడుతోంది. తీసినకొద్దీ కొత్తది పోస్తూ ఉండటంతో, అయిదారు నెలలుగా అందులో ఎప్పుడూ టీ నిండుగానే ఉండేది, పైన గుడ్డ కట్టే ఉండేది, లోపల చూసిన పాపాన ఎవరూ పోలేదు. అయినా మా వదిన ఒక నిమ్మకాయ కోసి, చెక్కని ఆ మెరిసే భాగం మీద ఆనించి గుడ్డతో కట్టింది. "ఇంకా ఏం చూస్తావు? కనపడుతోందిగా!" అని కసిరాను. వినలేదు. మర్నాడు పొద్దున తీసి తుడిస్తే, రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ. జాడీని బోర్లించి, మేకుతో అడుగున ఇంటూ గీసింది. గీస్తున్నప్పుడు ఆవిడ మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తర్వాత ఇంకో పని పెట్టుకుంది. "సీసాలు పంపిన ఇళ్ళన్నిటికీ వెళ్ళి చెప్పాలి," అంది.

"నీకేమన్నా మతి పోయిందా?" అన్నాను. ఇందులో నా వెధవ బుద్ధి దాచుకోను. "వాళ్ళు తాగింది ఎంత? మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? కార్ఖానాలో నీ పేరేమవుతుంది? పైగా దర్జీ నోరు నీకు తెలుసుగా!"

"ఇరవై ఏళ్ళనించీ ఎవరి మొహం చూడకుండా ఇంటూ పెడుతున్నాను," అంది. "నా మొహం చూసి ఊరుకోమంటావా?"

నాలుగిళ్ళకీ వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను, తిట్లు పడితే సగం నా మీద పడనీ అని. ముగ్గురు బుగ్గలు నొక్కుకుని ఊరుకున్నారు. దర్జీ మాత్రం వీధి వీధంతా వినేలా కడిగిపారేశాడు. "కడుపుతో ఉన్న పిల్లకి విషం పోశావు కదమ్మా!" అన్నాడు. నా నాలుక దురదపెట్టింది గానీ, ఏమని ఎదురు చెప్పను? ఆయన అన్నదాంట్లో అబద్ధమేముంది? వదిన తల వంచుకుని అంతా విని, "రేపు పొద్దున్నే రక్తపరీక్షకి తీసుకెళ్తాను, పంపండి," అంది.

ఆ పిల్ల రక్తంలో కంగారుపడేంత లేదన్నారు, అయినా కాన్పు దాకా చూస్తూ ఉంటామన్నారు. డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పింది. జాడీ సంగతి అలా ఉంచినా, ఇంట్లో పులియబెట్టి కాచకుండా తాగేది కడుపుతో ఉన్నవాళ్ళకి అసలు ఇవ్వకూడదట. చంటిపిల్లలకీ, లివరూ కిడ్నీలూ బాగాలేనివాళ్ళకీ, ఏ రోగానికో మందులు వాడి ఒంట్లో శక్తి తగ్గినవాళ్ళకీ వద్దట. పులిసినది కాబట్టి చిటికెడు మత్తు కూడా ఉంటుందట.

"మరి మామూలువాళ్ళో?" అన్నాను.

"గాజు సీసాలో, శుభ్రంగా చేసుకుని, చిన్న కప్పుడు తాగితే చాలామందికి ఏమీ కాదు. మందు అనుకుని గ్లాసులకి గ్లాసులు తాగితేనే తంటా. చక్కెర కూడా పూర్తిగా పోదు. షుగరు అంచున ఉన్న మనిషికి రోజుకి నాలుగు గ్లాసులేమిటమ్మా?"

వదిన ఒక్కటే అడిగింది. "చెయ్యి వస్తుందా?"

"సీసం బయటికి లాగే మందు ఇస్తున్నాం. నరం కోలుకోవాలి. రావచ్చు. ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేను. నెలలు పడుతుంది."

అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వదిన ఆయన కళ్ళలోకి చూడలేదు. దుప్పటి సర్దేది, మాత్రలు ఇచ్చేది, గోడకేసి మాట్లాడేది. చివరికి ఆయనే అన్నాడు. "సోడా మానిపించాలనే కదా చేశావు. మానేశానుగా." ఆయన బతుకులో వేసిన నాలుగైదు జోకుల్లో అదొకటి. వదిన నవ్వలేదు, వరండాలోకి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక చేతికి ఒక పట్టీ, రోజూ మూడుపూటలా కసరత్తు. కొట్టు తలుపులు మూసే ఉన్నాయి. ఒక సాయంత్రం నేను డిపో నించి వచ్చేసరికి తలుపులు తెరిచి ఉన్నాయి, దీపం వెలుగుతోంది. బల్ల ముందు వదిన. కంటికి భూతద్దం, చేతిలో పట్టకారు. పక్కన స్టూలు మీద అన్నయ్య.

"పట్టుకో. నొక్కకు. నొక్కకంటే! అది నీ మట్టి కాదు."

"మీరు అరవకండి. అరిస్తే చెయ్యి కదులుతుంది."

"ఊపిరి వదులు, తర్వాత స్క్రూ వదులు."

"ముందేది చెప్పారు?"

పెళ్ళైన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ అంతలా మాట్లాడుకోవడం నేను చూళ్ళేదు. కార్ఖానా వదలగానే వచ్చి మొహం కడుక్కుని బల్ల ముందు కూర్చునేది. ఆయన కన్ను, ఈవిడ చెయ్యి. మొదట బాగుచేసింది నా గడియారమే. రోజుకి పన్నెండు నిమిషాలు ముందుకి పరిగెత్తేది. దాన్ని నమ్ముకుని డిపోకి వెళ్ళి, మూడుసార్లు తాళం కూడా తియ్యకముందే గేటు బయట నిలబడ్డాను. "పెద్దదాన్ని కదా, నిన్ను తొందరగా నిద్ర లేపుతున్నా," అంది వదిన.

నెమ్మదిగా ఆవిడ చెయ్యి కుదురుకుంది. ఏళ్ళతరబడి సన్న కుంచె పట్టిన చెయ్యి మరి. కానీ ప్రతి గడియారం అయ్యాక పట్టకారు కింద పెట్టి, ఆయన మణికట్టు వైపు ఒకసారి చూసేది. ఆయన అది చూడనట్టు ఇంకో గడియారం ముందుకి తోసేవాడు. జాడీని కార్ఖానాకి పట్టుకెళ్ళి, తను పరీక్ష చేసే కిటికీ కింద బోర్లించి పెట్టుకుంది, ఇంటూ పైకి కనపడేలా. ఇంట్లో పులిసిన టీ మళ్ళీ చెయ్యలేదు. నేను ఎప్పుడైనా ప్యాకింగ్ ఆవిడ ఇంటికి వెళ్తే, ఆవిడ గాజు సీసాలోది చిన్న కప్పుడు తాగుతాను. బాగానే ఉంటుంది, అబద్ధమెందుకు?

అన్నయ్యకి మందు మొదలుపెట్టిన ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం. నా గడియారం మళ్ళీ బల్ల మీదే ఉంది, ఆ పరుగు ఆపుతారేమోనని నేనే ఇచ్చాను. స్టూలు లాక్కుని నేనూ కూర్చున్నాను. వదిన వెనక మూత తీసి, లోపలి చిన్న స్క్రూ అందుకోబోయింది. జారింది. మళ్ళీ అందుకోబోయింది.

"జరుగు," అన్నాడు అన్నయ్య.

వదిన అర్థంకాక ఆయన వైపు చూసింది. ఆయన చేతికున్న పట్టీ విప్పి పక్కన పెట్టాడు. ఆవిడ వేళ్ళ మధ్యలోంచి పట్టకారు తీసుకున్నాడు. కుడిచెయ్యి బల్ల మీంచి లేచింది, దానంతటదే, పూర్తిగా కాదు గానీ లేచింది. వణికింది. ఆగింది. స్క్రూని పట్టుకుని, తీసుకెళ్ళి, దాని చోట్లో పెట్టింది.

వదినకి తన రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది, బల్ల మీద పెట్టింది, చివరికి కొంగుతో మొహం కప్పుకుని భోరుమంది. ఆసుపత్రిలో ఏడవలేదు, దర్జీ గుమ్మంలో ఏడవలేదు, జాడీకి ఇంటూ గీసినప్పుడూ ఏడవలేదు.

"కొంచెం అవతలకి జరుగు. వెలుతురుకి అడ్డమొస్తున్నావు," అన్నాడు అన్నయ్య, భూతద్దంలోంచి తలెత్తకుండానే.

ఇరవై ఆరేళ్ళలో ఆయన మాటకి మా వదిన ఎదురు చెప్పకుండా జరగడం అదే మొదటిసారి.